బావ బండి కన్వర్టరు

అక్కకు, నేను క్షేమంగానే ఉన్నాను. మా షెడ్డులో మనిషి పోయాడని ఎవరైనా చెబితే హడలిపోకు, పోయింది మా మేస్త్రి.

ఇటుకలు తోలే పికప్పు ఆయన బండి లాగుడు పెంచమన్నాడు. ఇంజెక్టర్లు, వాల్వులు సరిచేస్తే బలమూ వస్తుంది, పొగ పరీక్షా నెగ్గుతుంది, నాలుగు రోజులు పడుతుందన్నాను. "ఇంతోటి దానికి నాలుగు రోజులెందుకురా? కన్వర్టరు పీకేస్తే పోలా!" అని మేస్త్రి నవ్వాడు. పొగను శుద్ధి చేసే ఆ డబ్బాను పీకేసి, తనిఖీవాళ్ల కంటపడకుండా షట్టరు దించుకుని ఇంజను పరీక్షించాడు. నేను సామాను తెచ్చి షట్టరు ఎత్తేసరికి లోపలంతా పొగ, స్టీరింగు మీద తల వాల్చి ఉన్నాడు. ఎంత పిలిచినా పలకలేదు. ఇంజను మాత్రం ఆడుతూనే ఉంది.

పోయినేడు బావకు చెప్పకుండా ఆయన బండికి కన్వర్టరు పీకింది నేనే. బావ తిట్టినా సరే, చెప్పెయ్. ఆదివారం వచ్చి కొత్తది బిగిస్తాను. అందాకా పిల్లలు పడుకునే గది పక్కన బండి స్టార్టు చెయ్యనివ్వకు. అమ్మ మోకాలు ఎలా ఉంది? దణ్ణాలు పెట్టానని చెప్పు. చిన్నదానికి పొద్దున లేవగానే తలనొప్పి వస్తోందని రాశావు. ఇంకా వస్తోందా? వెంటనే రాయి.

నీ తమ్ముడు