ఎడమ వాటం సీసా

మాస్టారూ,

మీరు పోయి నేటికి ఏడాది. తాడేపల్లిగూడెంలో పొద్దుటి నుంచీ ముసురు పట్టింది. ల్యాబ్ మాత్రం తెరిచాం.

మనం వాడే ఆల్కహాల్‌లో ఎడమ వాటం అణువులూ కుడి వాటం అణువులూ కలిసే ఉంటాయి, మన రెండు చేతుల్లా. మీ మాంగనీస్ ఉత్ప్రేరకం ఒక వాటం వాటినే కీటోన్ అనే వేరే పదార్థంగా మారుస్తుంది, రెండో వాటిని దాదాపు ముట్టుకోదు. "పోయింది కాదమ్మా, మిగిలింది చూడు" అనేవారు మీరు.

ఉత్ప్రేరకంలోనూ ఎడమ వాటం, కుడి వాటం ఉన్నాయి; అందుకే రెండు సీసాలు. ఎడమ వాటం సీసాలో మీరు మీ చేత్తో చేసిన గోధుమరంగు పొడి ఇక చిటికెడే ఉంది. ముదినేపల్లి నుంచి వచ్చే మన రీసెర్చ్ అమ్మాయి సుజాత థీసిస్‌కి అదే కావాలి. ఎడమ సీసా వాడెయ్యమని నిన్న నేనే చెప్పి, క్లాసుకి వెళ్ళిపోయాను.

ఇవాళ, ఏ వాటం మిగిలిందో చూపే పోలారిమీటర్‌లో కాంతి అటు తిరగాల్సింది ఇటు తిరిగింది. మిగలాల్సింది పోయి, పోవాల్సింది మిగిలింది. సుజాత సీసాల అలమర వైపు చూపించింది.

"ఎడమ సీసా అంటే ఎడమ పక్కనున్నదనుకున్నానండీ మేడం."

ఎడమ వాటం సీసాని కుడి పక్కన పెట్టింది మీరే, అద్దంలో చూసినట్టుండాలని. ఆ అలమర నేనింకా సర్దలేదు.

నేను కోప్పడలేదు. "మళ్ళీ చేద్దాంలేమ్మా. ఎడమ వాటం పొడి మనమే కొత్తగా తయారుచేద్దాం" అన్నాను.

"మాస్టారిది అలాగే ఉంది కదండీ?"

"ఉండనీ."