రంగం వెళ్ళిన గుళ్ళపేరు

రాయపూరు,
తే. 9-11-1941.

చిరంజీవి తమ్ముడు మల్లేశ్వరరావుకు, మరదలు వరహాలమ్మకు దానయ్య దీవించి రాసేది. ఇక్కడ నా కుంపటి వెచ్చగా, మేమిద్దరం చల్లగా ఉన్నాం. విజయనగరంలో మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను. నువ్వు రైల్వే ఉద్యోగం విరమించి వెళ్ళాక మన స్టేషను వైపు వెళ్ళాలంటే నాకు కాళ్ళాడటం లేదు.

నువ్వు చెప్పిన పని అయింది. మన దాలమ్మ సీమంతానికని చేయించమన్న నగ నిన్న పార్సెలులో రంగం వెళ్ళింది. నువ్వు బరువైన కంటె చేయమన్నావు. నేను చేయలేదు, కోప్పడకు. మన రెండిళ్ళకీ ఒకటే గోడ ఉన్న రోజుల్లో ఆ పిల్ల నా కొట్లో కూచుని, "పెదనాన్నా, నాకు గుళ్ళపేరు సెయ్యి. మెడలో జారతుంటే సల్లగుండాల" అనేది. దాని మాటే విన్నాను. సన్న బంగారు గుళ్ళు పోసి, పట్టుతాడుకి గుచ్చాను. నాకు పిల్లలు లేని లోటు ఆ నగ చేస్తున్నన్నాళ్ళూ తెలియలేదు.

పంపడం గురించి నీకు భయంగా ఉందని రాశావు. నేను చేసినదంతా చెబుతాను, విని నిబ్బరంగా ఉండు. రేకు డబ్బాలో దూది పరిచి, పేరు కదలకుండా చుట్టబెట్టి, మళ్ళీ దూది కుక్కాను. డబ్బా ఊపి చెవి దగ్గర పెట్టుకున్నాను. చప్పుడు లేదు. మందపాటి గుడ్డ చుట్టి మీ వదిన అప్పలనరసమ్మ చేత ముడి లేకుండా ఒకే దారంతో కుట్టించాను. కుట్టు పొడుగునా లక్క కరిగించి నా ముద్ర వేశాను. కాణీతోనో బొత్తాంతోనో ముద్ర వేస్తే పోస్టాఫీసులో ఒప్పుకోరు, ఎవరి దగ్గరైనా అలాంటివి ఉంటాయని. నా ముద్రలో నెమలి ఉంది, అది ఇంకెవరి దగ్గరా లేదు.

పోస్టు బాబు పార్సెలు తూచి, లోపలేముంది, ఖరీదెంత అన్నాడు. ఖరీదు తక్కువ రాస్తే పోయినప్పుడు మనకు నష్టం, ఎక్కువ రాస్తే నేరం. బంగారం, మజూరీ కలిపి ఉన్నదున్నట్టు రాయించి ఆ మొత్తానికి ఇన్సూరు చేయించాను. బర్మాని విడదీశాక రంగం వేరే దేశం లెక్క కాబట్టి సుంకం కాగితం కూడా పెట్టాలట, పెట్టాను. చివరికి ఆ బాబు నా మొహం చూసి, "దాదా, లడాయీ రోజులు. సముద్రం మీద ఏదైనా అయితే ఇన్సూరు చెల్లుతుందో లేదో నేను చెప్పలేను" అన్నాడు. లడాయీ ఎక్కడో జర్మనీలో కదా, మన వైపు ఏముంది అని నవ్వాను.

అల్లుడు చిన్నారావు మిల్లులో ఉద్యోగం బాగుందని దాలమ్మ రాసింది. మన పాయింట్స్‌మన్ రామయ్య కొడుకు రంగూన్ కలప మిల్లులో గుమాస్తా అయ్యాడంటే, పోయిన రామయ్య ఆత్మ ఎంత సంతోషిస్తుందో. వాడి మీద నీ బెట్టు ఇకనైనా తగ్గించుకో. కూతుర్ని సముద్రం దాటించాడన్న కోపమే తప్ప, వాడిలో నువ్వెంచే తప్పు ఇంకేదీ నాకు కనబడదు.

ఆశీస్సులతో,
దానయ్య

*

రాయపూరు,
తే. 18-2-1942.

తమ్ముడు మల్లేశ్వరరావుకు దానయ్య దీవెనలు. మేము బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావని అడగడానికి నోరు రావడం లేదు.

నీ ఉత్తరం అందింది. రంగూన్ మీద బాంబులు పడ్డప్పటి నుంచి అమ్మాయి దగ్గర్నుంచి కబురు లేదన్నావు. పార్సెలు అందిందో లేదో పోస్టాఫీసులో కనుక్కోమన్నావు. "డబ్బు కోసం కాదన్నయ్యా, అది చేత్తో అందుకుందని తెలిస్తే ఆ రోజుకి నా తల్లి బతికి ఉన్నట్టే కదా" అని రాశావు. ఆ మాట మీ వదినకు చదివి వినిపించలేక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

రెండు మూడుసార్లు పోస్టాఫీసుకి వెళ్ళాను. రంగూన్ నుంచి జవాబులు రావడం లేదట. పార్సెలు పోయిందని తేలితే అర్జీ పెట్టుకోవచ్చు, కానీ పోయిందని చెప్పేవాళ్ళు కూడా అక్కడ లేరు అన్నాడు ఆ బాబు. మంచివాడు. నాకు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

కలకత్తా నుంచి వచ్చే బండ్లలో రంగం వాళ్ళు దిగుతున్నారు. నేను రోజూ ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళి, తెలుగు మాట వినబడిన చోటల్లా ఆగి అడుగుతున్నాను. పడవ టిక్కెట్టు దొరికినవాళ్ళు పడవల్లో వచ్చారు, దొరకనివాళ్ళు అడవుల్లోంచి నడిచి వస్తున్నారట. మరదలికి ధైర్యం చెప్పు. చిన్నారావు పక్కనున్నాడు, అది ఒంటరిగా లేదు.

నీ అన్నయ్య,
దానయ్య

*

రాయపూరు,
తే. 21-6-1942.

తమ్ముడు మల్లేశ్వరరావుకు, మరదలు వరహాలమ్మకు దానయ్య రాసేది. క్షేమమన్న మాటతో ఈ ఉత్తరం మొదలుపెట్టలేను. తమ్ముడూ, తలుపు దగ్గరగా వేసి, మరదల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

మన దాలమ్మ ఇక లేదు.

ఈ వాక్యం రాయడానికి నాకు రోజులు పట్టింది. విశాఖలో బాంబులు పడి అక్కడి జనమంతా మీ వైపు తరలి వచ్చారని, ఇల్లు నిండా చుట్టాలని విన్నాను. ఆ సందట్లో ఈ కబురు చెవిన వేయడం ఎలాగా అని కూడా ఆగాను. కానీ నువ్వు రోజూ పోస్టు బంట్రోతు కోసం వీధి అరుగు మీద కూచుంటున్నావని మీ వీధి నూకరాజు రాశాడు. లేని ఆశతో నిన్ను అక్కడ కూర్చోబెట్టి ఉంచడం నాకు చేతకాదు.

పోయిన వారం మధ్యాహ్నం కొట్టు ముందు ఎవరో నిలబడ్డాడు. గడ్డం, చిరుగుల చొక్కా, కాళ్ళకి గుడ్డలు చుట్టి ఉన్నాయి. బిచ్చగాడనుకుని చిల్లర తీస్తున్నాను. "మావయ్యా, నాను, రామయ్య కొడుకుని" అన్నాడు. తలెత్తి వాడి వెనక్కి చూశాను. వెనక ఎవరూ లేరు. అప్పుడే తెలిసిపోయింది నాకు.

వాడు చెప్పినదంతా వరసగా రాస్తాను. మీకు తెలియాలి.

పార్సెలు అందింది. బాంబులు పడటానికి కొద్ది రోజుల ముందే పోస్టాఫీసుకి దాలమ్మే వెళ్ళి సంతకం పెట్టి తెచ్చుకుంది. లక్క ముద్ర పగలగొట్టకుండా చుట్టూ కత్తిరించి, నెమలి బొమ్మ ఉన్న ముక్కని విడిగా దాచుకుందట. పేరు మెడలో వేసుకుని అద్దం ముందు నిలబడి, "మా పెదనాన్న నా మాట మరిసిపోనేదు" అందట. ఆ సాయంత్రమే నీకు ఉత్తరం రాసి పోస్టు డబ్బాలో వేసింది. అది ఏ సముద్రంలో ఉందో.

తర్వాత ఊరు తగలబడింది. పడవ కోసం రేవులో పడిగాపులు పడ్డారు, చోటు దొరకలేదు. రైల్లో ప్రోము దాకా వెళ్ళారు. అక్కడే ఆగిపోవలసి వచ్చింది. పురుడు గురించి నేనిక్కడ రాయను. ఒంట్లో సత్తువ పూర్తిగా రాకముందే అక్కడా ఉండలేక ఇరావతి దాటి కొండదారి పట్టారు. వేల మంది అదే దారి. మన శ్రీకాకుళం, గంజాం కూలీలు, చెట్టి గుమాస్తాలు, చంటిపిల్లల తల్లులు, అందరూ. తాగడానికి నీళ్ళు లేవు, ఉన్న చోట కలరా.

డబ్బు చెల్లలేదు. కాగితం నోట్లు చూసి ఆ కొండవాళ్ళు తలలూపేశారట. అప్పుడు దాలమ్మ మెడలోంచి పేరు తీసింది. నేను గట్టిగా అల్లిన తాడు, చేతికి తెగలేదు. పళ్ళతో కొరికి తెంపింది. బండివాడికి ఒక గుండు, బియ్యానికి ఒకటి, కుండెడు నీళ్ళకి ఒకటి. మిగిలినవి చీర చెంగున మూట కట్టుకుని నడిచేది. నువ్వు చెప్పిన కంటె చేసి ఉంటే మొదటి బండివాడే మొత్తం పట్టుకుపోయేవాడని చిన్నారావు అన్నాడు. ఆ మాట నన్ను ఓదార్చడానికే అన్నాడు. దానితో నాకు ఓదార్పు కలగలేదు, తమ్ముడూ.

కొండ మీద ఒక వాగు పక్కన దానికి కలరా తగిలింది. పొద్దున్న మొదలై, పొద్దు గుంకేలోపు అయిపోయింది. ఆఖర్న తెలివిగానే మాట్లాడిందట. "మా నాన్నకి సెప్పు. గుళ్ళు పారేసుకోనేదు, వాడుకున్నానని సెప్పు" అంది. నువ్వు ముచ్చటపడి చేయించినది పోగొట్టుకుందని అనుకుంటావేమోనని దాని బెంగ. ఇంకేం అడగలేదు. అమ్మ పేరు తలుచుకుంది.

చితి పేర్చడానికి వీలు కాలేదు. వెనక జనం తోసుకొస్తున్నారు. మన వైపు కూలీలు నలుగురు ఆగి, చేతులతోనూ కర్రలతోనూ గొయ్యి తవ్వారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు, ఊరి పేరు కూడా అడగకుండా చేశారు. మిగిలిన గుళ్ళు టౌంగుప్ దగ్గర పడవకీ, ఆ తర్వాత దారికీ అయిపోయాయి. చిట్టగాంగు చేరి, కలకత్తా శిబిరంలో జ్వరంతో పడి లేచి, వాడు ఇక్కడికి చేరేసరికి ఇన్నాళ్ళయింది. పుట్టి పెరిగిన ఊరు కదా, ఎక్కడ దిగాలో తెలియక ఇక్కడ దిగాడు.

తెలీబంధా చెరువు గట్టున మన వాళ్ళ పురోహితుణ్ణి పిలిచి వాడి చేత దానికి తిలోదకాలు ఇప్పించాను. ఇక్కడి వాళ్ళు ఎవరూ పిలవకుండానే వచ్చి గట్టు మీద కూర్చున్నారు. మీ వదిన ఇంకా అన్నం ముందు కూర్చుని లేచిపోతోంది. "ఆ పిల్ల ఆకలేసి నడిసిందా" అని ఒకటే మాట.

ఇన్సూరు రసీదు తీసుకుని నిన్న పోస్టాఫీసుకి వెళ్ళాను. పార్సెలు అందింది బాబూ, ఇక ఆచూకీ తీయనక్కర్లేదు అని చెప్పాను. అతను సంతోషంగా, "చూశావా దాదా, చేరింది" అన్నాడు. అవును, చేరింది. కుట్టు ఊడలేదు, ముద్ర చెదరలేదు. నేను ఎంత జాగ్రత్త పడ్డానో అంతా ఫలించింది. వాళ్ళ పూచీ దాని చేతికి ఇచ్చేదాకానే. దాని చేతికి ఎవరు పూచీ? రసీదు తీసుకుని కొట్టుకి వచ్చేశాను.

చిన్నారావు ఎక్కడున్నాడని నన్ను అడగకు. వాడి మీద కోపం మాత్రం పెట్టుకోకు. మరదలికి నా మాటగా చెప్పు, దాలమ్మని ఒక్కతినీ ఎక్కడా వదిలిపెట్టలేదు వాడు, మట్టి కప్పేదాకా.

మీ దుఃఖంలో పాలు పంచుకునే
దానయ్య

తా.క.: పై ఉత్తరం అంటించే ముందు చిన్నారావుకి చదివి వినిపించాను. తను చెప్పొద్దన్నవేవీ అందులో లేవు. విని, తలూపి, స్నానానికి చెరువుకి వెళ్ళాడు. వాడు తిరిగొచ్చేలోగా ఇది రాస్తున్నాను.

తమ్ముడూ, నీకు మనవరాలుంది. ప్రోములో పుట్టింది. వాడు కొట్టు ముందు నిలబడ్డప్పుడు ఆ చిరుగుల చొక్కా మీద గుడ్డతో కట్టిన జోలె ఉంది, అందులో ఇది నిద్రపోతోంది. ఇప్పుడు మీ వదిన ఒళ్ళో ఉంది. ఎముకలే గానీ కళ్ళు మాత్రం దేన్నీ వదలవు.

దాలమ్మ పోయిన రోజు నుంచి దీన్ని బతికించింది ఒక కూలి మనిషి, పాలకొండ వైపు ఆవిడ. పేరు సూరమ్మ. ఆ దారిలోనే ఆవిడ కొడుకు పోయాడు. కలకత్తా దాకా దీనికి తన పాలిచ్చింది. కొండదారిలో చిన్నారావు ఒక గుండు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుని, "పాలకి బంగారం పుచ్చుకుంటే నా సచ్చిపోయిన గుంటడు నన్నొగ్గుతాడేటి" అందట. బిడ్డకి ఆవిడ పేరే పెట్టాడు.

వాడికి నీ మొహం చూసే ధైర్యం లేదు. రంగం పడవ ఎక్కేటప్పుడు, "నా పిల్లని ఎలా తీసికెళ్తున్నావో అలా తెచ్చి అప్పజెప్పాల" అన్నావట నువ్వు. ఆ మాట వాణ్ణి పడుకోనివ్వడం లేదు. బిడ్డ ఉందని తెలిస్తే మీరొచ్చి తీసుకుపోతారనీ, ఇంక తనకంటూ ఏమీ మిగలదనీ వాడి భయం. "మావయ్యా, మనం సెప్పొద్దు. ఈ గుంటని నానే పెంచుకుంటాను" అని నా కాళ్ళు పట్టుకున్నాడు. సరేనన్నాను. ఇప్పుడు ఆ మాట తప్పుతున్నాను. వాడు నన్ను తిట్టుకున్నా పరవాలేదు.

మరదల్ని తీసుకుని వెంటనే బయలుదేరి రా. మనవరాలి కోసం చేతులు చాచేముందు, వాడి భుజం మీద ఒక్కసారి చెయ్యి వెయ్యి.

దా.