ఛాతీ జేబులోంచి వెళ్లిన కాల్

జనవరి 17, మంగళవారం
నేను పోలీసులకు ఫోన్ చేయలేదు. చేశానని గోదాంవాళ్లు రాసుకుని, షిఫ్ట్ మధ్యలో ఇంటికి పంపేశారు. కావాలనే చేశానట!

చేసింది ఫోన్. ఫ్రీజర్ గోదాంలో బయటి జేబులో పెడితే కాసేపటికే ఫోన్ చచ్చిపోతుంది. అందుకే అందరం కోటు లోపల, ఛాతీ జేబులో పెట్టుకుంటాం. చికెన్ పెట్టెలు ఛాతీకి ఆనించి ఎత్తుతాం. పెట్టె అంచు ఫోన్ పక్క బటన్‌ని గబగబా ఐదుసార్లు నొక్కేసింది. అలా నొక్కితే ఎమర్జెన్సీ కాల్ దానంతటదే పోతుంది. నేరుగా 911కి, ఇక్కడి పోలీసుల అత్యవసర నంబర్‌కి పోయింది. ఆ ఫ్యాన్ల మోతలో, అంత మందం కోటు కింద... నాకేం తెలుస్తుంది?

బ్రేక్‌లో మోగింది. తెరమీద నంబర్ లేదు. కట్ చేశా. మళ్లీ మోగింది. మళ్లీ కట్. అరగంటలో గేటు దగ్గర ఇద్దరు పోలీసులు.

జనవరి 18
కట్ చేసింది మాత్రం నేనే. దాచను. 911 వాళ్లు తిరిగి చేస్తారని తెలియదు. ఎత్తి ‘పొరపాటున పోయిందండీ’ అంటే అక్కడితో అయిపోయేది.

కానీ నంబర్ కనపడని కాల్ మాలో ఎవడు ఎత్తుతాడు? సూపర్‌వైజర్ మధు అన్నే మొదటిరోజు అందరినీ నిలబెట్టి చెప్పాడు — “దొంగ కాల్స్ చేసి ఇమిగ్రేషన్ వాళ్లమని బెదిరిస్తార్రా, అస్సలు ఎత్తొద్దు.” నిన్న అదే నోటితో — “ఎందుకు కట్ చేశావ్? తప్పు చేసినోడే కట్ చేస్తాడు.”

జనవరి 19
కోటు వేసుకుని, ఫోన్ జేబులో పెట్టి, రూమ్‌లో బియ్యం బస్తా ఎత్తాను. ఇరవైసార్లు. ఏమీ కాలేదు. రూమ్మేట్ నవీన్ కూర కలుపుతూ — “జిమ్‌కి పోరా, హీటర్ పక్కన ఈ కసరత్తేంటి?”

బస్తా మెత్తన. అంచు ఎక్కడిది? బుర్ర లేదు నాకు.

కింద షాపులో అట్టపెట్టె అడిగి తెచ్చి బస్తాని అందులో కుక్కాను. నవీన్‌ని వీడియో తీయమన్నా. ఏడోసారి ఎత్తగానే జేబులో ఫోన్ గిలగిలా కొట్టుకుంది. బయటికి లాగితే తెరమీద 911కి కాల్ పోయేముందు తగ్గుతున్న అంకెలు — నాలుగు, మూడు...
నవీన్ అరిచాడు — “ఆపరా బాబూ! పోలీసులు ఇక్కడికీ వస్తారు!”
ఆపాను. ఇద్దరం కింద కూర్చుని పిచ్చోళ్లలా నవ్వాం. కూర మాడింది.

జనవరి 20
గోదాంకి బస్సులో గంటన్నర. మాట్లాడింది ఐదు నిమిషాలు.

మధు అన్న కాగితం తోశాడు. ‘కావాలనే ఎమర్జెన్సీకి కాల్ చేశాను, క్షమించండి’ అని ఇంగ్లిష్‌లో.
“సంతకం పెట్టు. సోమవారం నుంచి వచ్చెయ్.”
“వీడియో చూడండన్నా.”
“సినిమాలు చూసే టైమ్ లేదు నాకు.”
“‘కావాలనే’ తీసేయండి. ఇక్కడే పెడతా.”
“ఒక్క మాటకి ఇంత బలుపా? ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా రాదు, చూసుకో.”
“ఆ ఒక్క మాటే కదన్నా నామీద వేసింది!”

పెన్ను అక్కడే పెట్టి వచ్చేశా.

జనవరి 21
నవీన్ — “పెట్టేయరా. ఆ కాగితం ఎవడు చదువుతాడు?”
నేను చదివాను.

జనవరి 22, ఆదివారం
మధు అన్నతో పని లేదు. పై మేనేజర్‌కే రాశాను, వీడియో జతచేసి. ఇంగ్లిష్ నాకెవరూ నేర్పలేదు, పెట్టెల మీద అక్షరాలు చదివి నేర్చుకున్నా. తప్పులుంటే ఉండనీ. రాసింది ఇదీ —

కాల్ కట్ చేసింది నేను. రెండుసార్లు. దానికి క్షమాపణ చెబుతున్నాను. కాల్ చేసింది నేను కాదు. నమ్మకపోతే ఆ కోటు వేసుకుని, ఆ జేబులో ఫోన్ పెట్టుకుని, మీరే ఒక గంట పెట్టెలు ఎత్తండి. ‘కావాలనే’ అన్న మాట కొట్టేయండి. నన్ను మళ్లీ షిఫ్ట్‌లో వేయండి. కుదరదంటే ఎందుకు కుదరదో రాసి, మీ సంతకం పెట్టి ఇవ్వండి. బుధవారం మధ్యాహ్నం మూడులోపు.