కోత పండుగకు హెడ్‌ఫోన్స్

బోగోలు నుంచి

నెల్లూరు ట్రంకురోడ్డులో పెంచల ఎలక్ట్రానిక్స్ యజమాని పెంచలప్రసాద్ గారికి,

రిటైరైన కుట్టు టీచరు ఏసుమణి వందనములు చెప్పి రాయునది.

మీరు నన్ను ఎరగరు. మీ కొట్లో మిక్సీ కొన్న మా వియ్యపురాలు మీ పేరు చెప్పింది. ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని అనుకుంటారేమో. ఫోన్‌లో షాపువాళ్లు అన్నిటికీ "అట్నేమ్మా, అట్నే" అంటారు, ఆనక తమకు అమ్ముడుపోనిది పంపిస్తారు. కాగితమైతే రేపు నలుగురిలో చూపించవచ్చు.

సంగతి ఏమంటే, మా చర్చిలో పాట ఎత్తేది నేను. పెళ్లయి ఈ ఊరొచ్చినప్పటి నుంచీ నేనే. నేను మొదటి చరణం ఎత్తుకుంటే వెనక అందరూ అందుకుంటారు. ఇప్పుడు కొత్తగా వచ్చిన మా కీబోర్డు మాస్టారు జడ్సన్ 'ట్రాక్' అని ఒకటి తెచ్చాడు. అంటే తబలా, వయొలిన్ అన్నీ ముందే రికార్డు చేసి స్పీకర్లలో వేస్తాడు, మనం దాని వెంట పాడాలి. నేను పాడితే ట్రాక్ ఒక దారి, నేను ఒక దారి. కోత పండుగ నాటికి ఇద్దరం ఒక దారికి రాకపోతే పాట ఎత్తే పని క్యాథరిన్ అనే అమ్మాయికి ఇస్తామని కమిటీవాళ్లు తేల్చి చెప్పారు. క్యాథరిన్ మంచి పిల్లే, గొంతూ మంచిదే. కానీ ఆ చోటు నాది. పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇంట్లో ట్రాక్ పెట్టుకుని నేర్చుకుందామంటే మా ఆయన సంజీవరావు గారి టీవీ. ఆయన వార్తలు చూస్తే వీధి మొత్తం వార్తలు తెలుసుకుంటుంది. అందుకని నాకు హెడ్‌ఫోన్స్ కావాలి. చెవి నొప్పి పుట్టకూడదు, శబ్దం శుభ్రంగా ఉండాలి. ఖరీదు మాత్రం వెంకటగిరి చీరలో సగం దాటకూడదు.

ఇట్లు,
ఏసుమణి

తా.క.: బస్సు కండక్టరు చిన్నపోలయ్య మా ఊరివాడే. జవాబు, సామాను అతని చేతికిస్తే చేరతాయి. ఏం పంపారని అడుగుతాడు, చెప్పకండి.

*

నెల్లూరు నుంచి

ఏసుమణి టీచర్ గారికి,

పెంచలస్వామి చల్లని చూపు వల్ల కొట్టూ నేనూ బాగున్నామని పెంచలప్రసాద్ నమస్కరించి రాసేది.

అమ్మా, హెడ్‌ఫోన్స్ కోసం ఉత్తరం రాసిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. మీ ఉత్తరం గల్లాపెట్టె పైన అంటించాను.

ఇంట్లో కూర్చుని వినడానికి బ్లూటూత్ ఎందుకమ్మా? చార్జింగ్ చూసుకోవాలి, పైగా అదే ఖరీదుకు వైరుదైతే ఇంకా మంచి శబ్దం వస్తుంది. చెవి లోపల దూర్చేవి కాసేపటికే నొప్పి పుట్టిస్తాయి. చెవి మీద ఆనేవి తేలిక. మొత్తం చెవిని కప్పేసేవి బాగా వినబడతాయిగానీ మన సముద్రపు ఉక్కకు చెమట పడుతుంది. అందుకని మీకు చెవి మీద ఆనే తేలికది పంపిస్తున్నాను. పెట్టుకున్నట్టే ఉండదు.

ఇట్లు మీ విధేయుడు,
పెంచలప్రసాద్

తా.క.: చిన్నపోలయ్య అడిగాడు. ఇస్త్రీపెట్టె అని చెప్పాను.

*

పెంచలప్రసాద్ గారికి,

వందనములు. పెట్టుకున్నట్టే ఉండదని రాశారు. నిజమే, ఒక్క నిమిషం కూడా ఉండటం లేదు. కూర్చుంటే జారుతుంది, తల వంచితే జారుతుంది. నిన్న చేపల పులుసులో పడబోయి తప్పింది. శబ్దమా, ఎక్కడో పక్క ఊళ్లో పెళ్లి జరుగుతున్నట్టు వినబడుతోంది. వయొలిన్ ఉందని జడ్సన్ చెబితే నమ్మాలి తప్ప నా చెవికైతే తెలియలేదు.

టీచర్ గదా, ఉత్తరాలు రాసుకుంటుంది, ఏది పంపినా సరిపోతుందని అనుకున్నట్టున్నారు. వెనక్కి పంపుతున్నాను. గట్టిగా పట్టుకునేది పంపండి.

ఇట్లు,
ఏసుమణి

తా.క.: అది జారినప్పుడల్లా నేను "స్తోత్రం" అంటున్నాను. నాకు భక్తి ముదిరిందని మా ఆయన పాస్టరు గారికి చెప్పి వచ్చారు.

*

ఏసుమణి టీచర్ గారికి,

నమస్కారం. మీ కోపం అందింది. వెనకే హెడ్‌ఫోన్స్ కూడా అందాయి.

అమ్మా, తప్పుగా అనుకోవద్దు. మీ తల కొంచెం చిన్నదై ఉండొచ్చు. అందువల్ల పట్టు దొరకడం లేదు. ఈసారి చెవిని మొత్తం కప్పేసి గట్టిగా పట్టుకునేది పంపిస్తున్నాను. ఖరీదు మీరు చెప్పిన సగం చీరలోనే ఉంది, అంచు వరకు వచ్చింది, అంతే. వీలైతే మీ తల కొలత కూడా రాయండి.

ఇట్లు మీ విధేయుడు,
పెంచలప్రసాద్

తా.క.: పాత జత పెట్టుకుని మా ఆవిడ గిన్నెలు తోమింది, ఇల్లు ఊడ్చింది. జారలేదు. ఈ సంగతి మీకు రాయొద్దని చెప్పింది గానీ రాశాను.

*

పెంచలప్రసాద్ గారికి,

వందనములు. మా పుట్టింట్లో చిన్న తలలు ఎవరికీ లేవు. ఊళ్లో సగం రవికెలు కొలిచిన టేపుతోనే కొలిచి చూశాను. నాది అందరి తలలాంటి తలే. ఆ మాట మీ ఆవిడకు కూడా చెప్పండి.

మీరు పంపిన రెండో జత హెడ్‌ఫోన్స్ కాదు, పట్టకారు. కణతలు నొప్పి పుట్టి నిన్న అమృతాంజనం రాసుకుని పడుకున్నాను. పోనీ శబ్దమైనా బాగుందా అంటే అదీ లేదు. ఎవరో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని పాడినట్టుంది. నిన్న జడ్సన్ ముందు పాడితే మళ్లీ ట్రాక్ కంటే ముందే వెళ్లిపోయాను. అతను కీబోర్డు తుడుచుకుంటూ కూర్చున్నాడు. క్యాథరిన్ నా పక్కన నిలబడి పాట పుస్తకంలో పేజీలు తిప్పుతోంది. నాకు ఏడుపొచ్చింది.

ఇట్లు,
ఏసుమణి

తా.క.: నొప్పెందుకని మా ఆయన అడిగితే ఉపవాసం అని చెప్పాను. పాపం, ఆయన కూడా ఉపవాసం ఉన్నారు.

*

ఏసుమణి టీచర్ గారికి,

నమస్కారం. ఏడుపొచ్చిందని చదివి నాకు మనసొప్పలేదు. బిగుతు పోవడానికి ఉపాయం చెబుతాను. వాడనప్పుడు దాన్ని మీ తలకంటే కాస్త వెడల్పైన డబ్బాకు తొడిగి ఉంచండి. నాలుగు రోజుల్లో సాగుతుంది.

శబ్దం విషయం మాత్రం నాకు అంతుపట్టడం లేదు. ఆ మోడల్‌ను కొట్లో అందరం పెట్టుకుని విన్నాం. వయొలినే కాదు, వయొలిన్ ఆయన దగ్గింది కూడా వినబడింది. అంచేత, అమ్మా, పెద్దవారు, కోపగించుకోకండి. నెల్లూరులో మంచి చెవి డాక్టర్లు ఉన్నారు. బస్టాండులో దిగితే ఆటో నేనే మాట్లాడి పెడతాను.

ఇట్లు మీ విధేయుడు,
పెంచలప్రసాద్

తా.క.: మీ చెవుల సంగతి చిన్నపోలయ్యకు తెలియనివ్వను.

*

పెంచలప్రసాద్ గారికి,

పరీక్షల్లో చివరి బెంచీ గుసగుసలు మొదటి బెంచీ దగ్గర నిలబడి పట్టుకున్న చెవులివి. అయినా మీ మాట మీద నెల్లూరు వచ్చి డాక్టరుకు చూపించుకున్నాను. ఆటో నేనే మాట్లాడుకున్నాను. "ఈ వయసులో ఇంత మంచి చెవులు చూడలేదు" అన్నాడాయన. ఆ మాటే కాగితం మీద రాయించుకున్నాను.

పెట్టుకోవడం చేతకాదేమోనని రేపు మీరు అనబోతారు. ఆ అవకాశం మీకివ్వను. స్టూడియోకు పోయి, ఇంట్లో ఎలా పెట్టుకుంటానో అలాగే పెట్టుకుని ఫొటో దిగాను. సర్టిఫికెట్టూ ఫొటో రెండూ జతచేస్తున్నాను. తప్పు ఎవరిదో చూసి చెప్పండి. కోత పండుగ వచ్చే ఆదివారం. ఈలోగా తేలకపోతే మీ ఉత్తరాలన్నీ మా చర్చి స్త్రీల సమాజం మీటింగులో చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఏసుమణి
(చెవులు బాగున్న మనిషి)

తా.క.: ఫొటో వెనక్కి పంపాలి. బాగా వచ్చింది.

*

ఏసుమణి టీచర్ గారికి,

నమస్కారం. ఫొటో చాలా గౌరవంగా ఉంది. మా ఆవిడ కూడా అదే మాట అంది. దాన్ని చూసినప్పటి నుంచీ ఈ ఉత్తరం రాయడమా మానడమా అని నలిగిపోతున్నాను.

అమ్మా, తల మీద కొంగు ఫొటో కోసం కప్పుకున్నారా, ఎప్పుడూ అలాగేనా? ఎందుకడుగుతున్నానంటే కొంగు చెవుల మీదుగా ఉంది, హెడ్‌ఫోన్స్ దాని మీద ఉన్నాయి. అంటే మీ చెవికీ, పాటకూ మధ్య నిక్షేపంగా రెండు మడతల చీర. అందుకే మొదటిది జారింది. రెండోది గుడ్డ మందం వల్ల నొక్కింది. నోటికి గుడ్డ కట్టుకుని పాడినట్టుందని మీరే రాశారు.

ఎవరి ఆచారం వారిది. కొంగు తీయమని నేను అనలేదు, అనను. రేపు ఎవరు అడిగినా అనలేదనే చెబుతాను.

ఇట్లు మీ విధేయుడు,
పెంచలప్రసాద్

తా.క.: ఈ ఉత్తరం ఒక్కటీ స్త్రీల సమాజంలో చదవకుండా ఉంటే నాకు పుణ్యముంటుంది.

*

పెంచలప్రసాద్ గారికి,

వందనములు. మీ ఉత్తరం చదవగానే ఒళ్లు మండి నాలుగు పేజీల జవాబు రాశాను. దేవుని పాట చర్చిలో పాడినా ఇంట్లో విన్నా నేను తల కప్పుకోకుండా ఉండను. ట్రాక్‌లో వచ్చేది కూడా దేవుని పాటే గదా. కొంగు తీసే ప్రశ్నే లేదు.

కవరు అంటించబోతూ ఆగాను. లోపల లైనింగు, పైన గుడ్డ అని ఎంతమంది ఆడపిల్లలకు నేర్పానో లెక్కలేదు. ఆ ముక్క నాకే తట్టలేదు! హెడ్‌ఫోన్స్ ముందు పెట్టుకుని, దాని మీద కొంగు కప్పుకున్నాను. ప్రసాద్ గారూ, ఏం చెప్పను! వయొలిన్ వినబడింది. తబలా ఆయన వేలు తేలిగ్గా తాకింది కూడా వినబడింది. నేను ఎక్కడ తొందరపడుతున్నానో నాకే తెలిసింది. బియ్యం డబ్బాకు తొడిగినందువల్ల బిగుతూ పోయింది. కొంగు పైన ఉంది గనుక జారే మాట లేదు. సంతోషం పట్టలేక వంటింట్లోనే గట్టిగా పాడేశాను. మా ఆయన టీవీ ఆపి, "ఏందిమే, ఇయ్యాల ఇంత ఊపు మీదుండావు?" అన్నారు.

రెండో జతే ఉంచుకుంటాను. చెవుల దగ్గర రెక్సిన్ మెత్తలకు చెమట పడుతోంది, గుడ్డ మెత్తలు ఉంటే పంపండి.

ఇట్లు,
ఏసుమణి

తా.క.: ఆ నాలుగు పేజీలు చింపేశాను. మంచి మంచి మాటలు పోయాయి.

*

ప్రియమైన తమ్ముడు పెంచలప్రసాద్‌కు,

అక్క ఏసుమణి ప్రేమతో వందనములు చెప్పి రాయునది. గుడ్డ మెత్తలు అందాయి, హాయిగా ఉన్నాయి.

నిన్న కోత పండుగ జరిగింది. చర్చి నిండా వరి కంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. పడవలవాళ్లు పెద్ద వంజరం చేప తెచ్చారు. ఆరాధన అయ్యాక అన్నీ వేలం వేస్తాం. మా చర్చి గోడలకు శబ్దం కొట్టుకుని రెండుసార్లు వినబడుతుంది గనుక, హెడ్‌ఫోన్స్ వైరు ట్రాక్ వేసే తన పెట్టెకే తగిలిస్తానని జడ్సన్ ముందే చెప్పాడు. కొంగు కింద అది పెట్టుకుని, వైరు అతని చేతికిచ్చి, కళ్లు మూసుకుని నిలబడ్డాను.

ట్రాక్ మొదలైంది. ఎత్తుకున్నాను. ఎక్కడా తొందరపడలేదు, ఎక్కడా వెనకపడలేదు. ఒక్కొక్క చరణానికీ తబలా నాతోనే నడిచింది. చివరి చరణం ఆపి కళ్లు తెరిస్తే చర్చి అంతా లేచి నిలబడి ఉంది. ఫ్యాన్లు తిరగడం లేదు. లైట్లు లేవు. జడ్సన్ రెండు చేతులూ తల మీద పెట్టుకుని ఉన్నాడు.

"కరెంటు యెప్పుడో పోయింది టీచర్! మొదటి చరణంలోనే ట్రాక్ ఆగిపోయినాది. మీరు ఆగలా!" అన్నాడు.

నేను గొప్పలు పోలేదు. "నాదేముంది నాయనా, నా చెవిలో ట్రాక్ ఆగలేదు. ఇది నెల్లూరు పెంచలప్రసాద్ పంపిన హెడ్‌ఫోన్స్, కరెంటు పోయినా పాడుతుంది" అని కొంగు తొలగించి అందరికీ చూపించాను. నీ కొట్టు పేరు కూడా చెప్పాను.

జడ్సన్ ముఖం పాలిపోయింది. కీబోర్డు కిందికి వంగి వైరు పైకి తీశాడు. "టీచర్, తప్పైపోయింది. హడావుడిలో నేను పిన్ను పెట్టడమే మరిచిపోయినా. మీ చెవిలో మొదటి నుంచీ ఏమీ లేదు."

తమ్ముడూ, అప్పుడు తెలిసింది. నా చెవుల్లో వినబడిన వయొలిన్, తబలా అన్నీ నేను నేర్చుకున్నవే. నా లోపల ఉన్నవే. మా ఆయన మగవాళ్ల వైపు నుంచి లేచి, "ఆమె ఆమే!" అని గట్టిగా అరిచారు. ఇన్నేళ్లలో ఆయన నన్ను నలుగురిలో మెచ్చుకోవడం ఇదే. పాట ఎత్తేది ఇక మీదట కూడా నేనేనని కమిటీ అక్కడికక్కడే చెప్పింది. జడ్సన్ క్రిస్మస్‌కు ట్రాక్ వేయడట. నేను పాడుతుంటే నా వెంట తను వాయిస్తాడట. క్యాథరిన్ వచ్చి నన్ను వాటేసుకుని నేర్పమంది. నేర్పుతాను. వంజరం చేప వేలంలో మా ఆయన పాడుకున్నారు, రాత్రి పులుసు పెట్టాను.

నీ మేలు మరవను. మీ ఆవిడను అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
మీ అక్క ఏసుమణి

తా.క.: స్త్రీల సమాజం అంతా ఇదే మోడల్ కావాలని పట్టుబట్టారు. పంపించు. క్యాథరిన్‌దానికి వైరు మంచిది చూసి పెట్టు, ఇంకా నేర్చుకునే పిల్ల. నా హెడ్‌ఫోన్స్ వైరు మాత్రం ఊడదీసి చిన్నపోలయ్య చేత వెనక్కి పంపుతున్నాను, నాకిక దాంతో పనిలేదు.