స్కూటరు ఆగిన చోటు

తమ్ముడికి, అన్నయ్య ఆశీస్సులు.

ఆరేళ్ల తర్వాత ఉత్తరమేమిటని కంగారుపడకు, అందరం బాగానే ఉన్నాం. దారికి అడ్డంగా స్కూటరు ఆపానని ట్రాఫిక్ వాళ్లు చలానా రాశారు. కట్టెయ్యాలా, కాదని వాదించాలా? కోర్టులో ముప్పై ఏళ్లు అర్జీలు టైపు చేసినవాడివి, నిన్ను కాక ఎవర్ని అడగను? బండి దానంతటదే ఆగిపోయింది. ఆగిపోవడమంటే గుర్తొచ్చింది, మొన్న కొట్టుకి ఒకాయన చేతి గడియారం తెచ్చాడు. విప్పితే లోపల చీమ. చీమ బతికే ఉంది, గడియారమే పోయింది. సరే, అది వేరే కథ.

ఇట్లు,
అన్నయ్య

తా.క.: మీ గోడ గడియారం సంగతి నేను అడగడం లేదు.

*

అన్నయ్యకు నమస్కారాలు.

కాగితం చూడకుండా సలహా చెప్పే అలవాటు నాకు లేదు. చలానా నకలు పంపు. ఏ వీధి, ఎంతసేపు, సాక్షులెవరు, మూడూ రాయి.

తమ్ముడు

తా.క.: నువ్వు బాగుచేసిన గడియారం ఇప్పటికీ రెండు నిమిషాలు వెనకే. ఆ మాటన్నాననే కదా ఆరేళ్లు మా గుమ్మం తొక్కలేదు.

*

తమ్ముడికి,

నకలు జతపరిచాను. చూసి నవ్వకు. మీ వీధే. మీ గేటు ముందే. నలభై నిమిషాలు. ప్లగ్గు చెడింది, లేదా పెట్రోలు అయిపోయింది. అర్జీకి ఏది నప్పితే అది వేసుకో. సాక్షులెవరూ లేరు. మీ కిటికీ తెర కూడా వేసే ఉంది.

అన్నయ్య

తా.క.: ఆ గడియారం వెనకబడడం నా తప్పే. స్ప్రింగు బిగించేటప్పుడు చెయ్యి వణికింది. వణికిందని ఒప్పుకుంటే కొట్టు మూసుకోవాలి కదా, అందుకని నీ మీద అరిచాను.

*

అన్నయ్యా,

వాదించకు, కట్టెయ్. నీ అర్జీ నిలబడదు. తెర సందులోంచి చూసిన సాక్షి ఒకడున్నాడు. నువ్వు ఒక్కసారైనా కిక్కు కొట్టలేదు. కళ్లజోడు మూడుసార్లు తుడుచుకున్నావు. దిగి వచ్చి రెండుసార్లు గేటు గడియ మీద చెయ్యి వేశావు, తీసేశావు. లోపల నీకోసం టీ పెట్టించాను. చల్లారిపోయింది. మళ్లీ పెట్టించాను. తలుపు తీద్దామని లేచి, ముందు నువ్వే రావాలి కదా అని కూర్చున్నాను. ఆరేళ్లుగా నేను చేసింది ఆ కూర్చోవడమే.

నీ తమ్ముడు

తా.క.: ట్రాఫిక్ వాళ్లకి ఫోన్ చేసింది నేనే. వాళ్లొస్తే సాక్ష్యం కోసమైనా మా తలుపు తడతావనుకున్నాను. నువ్వేమో బుద్ధిగా సంతకం పెట్టి వెళ్లిపోయావు. గడియారం నిన్న ఆపేశాను. చెయ్యి వణికినా ఫరవాలేదు, వచ్చి చూడు. ఈసారి బండి గేటు లోపల పెట్టు.