కంటి పరీక్షలో తాత పోలిక

అమ్మాయీ, ఇద్దరం క్షేమమే గానీ తిరిగి తిరిగి కాళ్లు లాగేస్తున్నాయి. మనవడు సర్కారు రైలు సిగ్నళ్ల ఇంజనీరు ఉద్యోగానికి రాతపరీక్ష నెగ్గి, కంటి పరీక్షలో తప్పాడు. రంగు చుక్కల మధ్య ఉన్న అంకె చెప్పలేకపోయాడు. నేనూ తొంగిచూసి, "ఏదయ్యా అంకె? అన్నీ చుక్కలేగా!" అని డాక్టరు మీదికి లేచాను. "వీడి తల్లికి తండ్రా మీరు? ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియని ఈ కళ్లు మీవే పెద్దాయనా" అన్నాడు. వాడిది తాత పోలికని అందరికీ చెప్పుకున్నవాణ్ణి, ఇప్పుడు కాదంటానా? ఆ ఉద్యోగం ఇక రాదు.

వంటింటి కుళాయి కారడం ఆగిందా? వాడి దుప్పటి ఉతికి ఉంచు, వస్తూనే పడుకుంటాడు. ఈ కార్డు నీకంటే ముందు అల్లుడుగారే చదువుతారు, చదవనీ. కుర్రాడు చదవక పోగొట్టుకోలేదు. తిట్టాలనుంటే నన్ను తిట్టమను. అందరికీ దీవెనలు, ఆయనక్కూడా.