చేని ఇసక

బిలాసుపూరు, తార్‌బహార్.

అమ్మకు జగన్నాథం దండాలు. ఒంట్లో కులాసాగానే ఉంది, బెంగపడకు.

నిన్న మన ఊరి పైడిరాజు రైలు దిగి నేరుగా నా క్వార్టరుకే వచ్చాడు. నాగావళి వరద మన చేని మీద మోకాలిలోతు ఇసక మేట వేసిందనీ, అలాంటి చేలకు సర్కారు సాయం ఇస్తోందనీ చెప్పి తల కొట్టుకున్నాడు.

"ఏటి సెప్పమంటావు బావా! ఆఫీసరు సూడ్డానికొత్తన్నాడంటే, సేను అలాగుంటే పరువు పోద్దని మీయమ్మా, కనకమూ తట్టల్తో ఇసకెత్తి పోసేసినారు. ఆయనొచ్చి, ఇక్కడ నష్టమేదీ అనేసి ఎలిపోనాడు."

చుట్టం వస్తే వాకిలి ఊడ్చినట్టు చేను ఊడ్చారన్నమాట! ముందు నవ్వొచ్చింది. తర్వాత తట్టలు మోసిన మీ అత్తాకోడళ్ల చేతులు తలుచుకుని, వెంటనే ఈ కార్డు రాయడానికి కూర్చున్నాను.

కరణంగారిని బతిమాలి ఆఫీసరుని మళ్లీ రప్పించు. గట్టు పక్కన పోసిన ఇసక కుప్పలు చూపించు. ఈశాన్యం మూల ఇసక ఇంకా ఉందట, దాన్ని ముట్టుకోవద్దు. ఆ సాయం అందితే విత్తనాల డబ్బు కోసం నేను సెలవు మానుకుని డ్యూటీ చెయ్యక్కర్లేదు. ఇంటికొచ్చి ఆ ఇసక నేనే ఎత్తుతాను.

ఆవు ఈనిందా? నీ నడుం నొప్పి ఎలా ఉంది? ఈ కార్డు చదివి వినిపించే మేస్టారికి నమస్కారాలు.

కనకం మూటగట్టి పైడిరాజుతో పంపిన చిలగడదుంపలు అందాయి. మూట విప్పితే మన చేని ఇసక రాలింది. రైలింజన్ల షెడ్డు నుంచి వచ్చి రోజూ ఒంటి మీది బొగ్గు దులుపుకుంటాను గాని, ఈ ఇసక దులపడానికి చెయ్యి రావడం లేదని కనకంతో చెప్పు.